లోపలికి దిగేవాడి చదువు

(ఒక గని శిక్షకుడి స్మారకోపన్యాసం)



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకంగా ఏర్పాటైందో ఆయన్ని ఈ హాల్లో ఎవరూ పేరుపెట్టి పిలిచి ఉండరు. అందరికీ ఆయన సర్దార్ సారు. బొగ్గు బాయిలో, పని జరిగే చోట భద్రత చూసే మైనింగ్ సర్దార్‌గా ఏళ్ల తరబడి షిఫ్టులు చేశారు. ఆ తర్వాత శిక్షణ కేంద్రంలో కొత్తగా చేరిన వాళ్లకు పాఠాలు చెప్పారు. నేను రసాయన ఫ్యాక్టరీల వైపు నుంచి వచ్చినవాణ్ణి. రియాక్టర్ల దగ్గర, ట్యాంకుల దగ్గర పనిచేసేవాళ్లకు భద్రత నేర్పడం నా వృత్తి. గని మనిషి సభకు ఫ్యాక్టరీ మనిషిని పిలవడమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. గనుల్లో ఎప్పుడో పాతబడిన సంగతి ఒకటి మా ఫ్యాక్టరీల్లో ఇంకా అడుగే పెట్టలేదు. అది చెప్పడానికే వచ్చాను.

ప్రమాదానికి అందరికంటే దగ్గరగా నిలబడే మనిషికి పరీక్ష పెట్టి, పట్టా ఇచ్చి, ఆ పట్టాతోపాటే పని ఆపే అధికారం కూడా ఇవ్వాలి. గనుల చట్టం ఈ పని చేసింది. ఫ్యాక్టరీల చట్టం చేయలేదు.

బొగ్గు గనిలో అర్హతల వరస మీకు నాకంటే బాగా తెలుసు. గ్యాస్ టెస్టింగ్, ప్రథమ చికిత్స సర్టిఫికెట్లు ఉంటే తప్ప సర్దార్ పరీక్షకు వెళ్లడానికి లేదు. పైన ఓవర్‌మన్, ఆపైన సెకండ్ క్లాస్ మేనేజర్, ఫస్ట్ క్లాస్ మేనేజర్. సర్దార్ నుంచి పైదాకా ఈ పట్టాలు ఇచ్చేది కంపెనీ కాదు, ధన్‌బాద్‌లోని గనుల భద్రతా డైరెక్టరేట్. అంటే సర్దార్ జీతం కంపెనీ ఇస్తుంది కానీ అతని అర్హత కంపెనీ దయ మీద ఆధారపడదు. ఈ చిన్న తేడాలో చాలా ఉంది.

కొత్తవాళ్లకు సర్దార్ సారు గ్యాస్ పరీక్ష నేర్పుతుంటే నేను వెనక బెంచీలో కూర్చుని చూశాను. సేఫ్టీ ల్యాంప్ వత్తిని బాగా తగ్గించి, మంట చిన్నదయ్యాక దీపాన్ని మెల్లగా, చాలా మెల్లగా పైకప్పు దాకా ఎత్తాలి. మీథేన్ గాలికంటే తేలిక కాబట్టి పైన చేరుతుంది. గ్యాస్ ఉంటే ఆ చిన్న మంట మీద లేత నీలం టోపీ ఒకటి కనబడుతుంది. గ్యాస్ పెరిగేకొద్దీ టోపీ ఎత్తు పెరుగుతుంది. ఆ ఎత్తు చూసి శాతం చెప్పాలి. ‘చెయ్యి తొందరపడితే దీపం అబద్ధం చెబుతది’ అని ఆయన ప్రతి కుర్రాడి మోచేయి పట్టుకుని ఆపేవారు. ఆ తర్వాత బండ చూడటం. కర్రతో పైబండను కొడితే గట్టిది గణగణమంటుంది, విడిచినది డొల్ల చప్పుడు చేస్తుంది. ఒక చేత్తో కొడుతూ రెండో అరచేతిని బండకు ఆనించి అదురు చూడాలి. ఇప్పుడు డిజిటల్ మీటర్లు వచ్చాయి, రూఫ్ బోల్టులు వచ్చాయి. అయినా అరచేతి పాఠం ఆయన మానలేదు.

మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య గాలిలో కలిస్తే పేలుతుంది. కానీ నియమం 5 దాకా ఆగమనదు. 1.25 శాతానికే కరెంటు తీసేయాలి, మనుషుల్ని వెనక్కి తేవాలి. తెచ్చేది సర్దార్. పైవాళ్ల అనుమతి కోసం ఎదురుచూడనక్కర్లేదు. ఉత్పత్తి పోయిందని అడిగేవాళ్లు ఉంటారు, కాదనను. అయితే సర్దార్ చేతిలో సర్టిఫికెట్ ఉంది, రాసే రిపోర్టు పుస్తకం ఉంది, వెనక చట్టం ఉంది. వాటి బలంతో అతను ‘నడవండి, బయటికి’ అనగలడు.

ఈ ఏర్పాటు ఎవరి మంచితనం వల్లా రాలేదు. 1897లో కోలార్ బంగారు గనుల్లో, ఆ తర్వాత బలూచిస్తాన్‌లోని ఖోస్ట్ బొగ్గు గనిలో జనం చచ్చిపోయారు. 1901లో గనుల చట్టం, 1902 జనవరి 7న గనుల తనిఖీ బ్యూరో వచ్చాయి. బాయిలర్ల కథా ఇంతే. 1863లో కలకత్తాలో బాయిలర్ పేలి మనుషులు పోతే మరుసటి ఏడాదే బెంగాల్‌లో చట్టం చేశారు. 1923లో దేశమంతటికీ బాయిలర్ల చట్టం వచ్చింది. బాయిలర్ దగ్గర నిలబడేవాడికి బాయిలర్ అటెండెంట్ సర్టిఫికెట్ ఉండాలన్నది ఆ వరసలోనే స్థిరపడిన నియమం.

ఇప్పుడు జీడిమెట్లలోనో పరవాడలోనో ఒక మందుల ఫ్యాక్టరీ లోపలికి నడుద్దాం. బాయిలర్ హౌస్‌లో ఆపరేటర్ సర్టిఫికెట్ గోడకు వేలాడుతుంది. ఎలక్ట్రీషియన్ జేబులో లైసెన్సు ఉంటుంది. వాకిట్లో దిగిన లారీ డ్రైవర్‌కు లైసెన్సు లేకపోతే స్టీరింగే ముట్టనివ్వరు. ఇక ప్రొడక్షన్ బ్లాక్‌లోకి రండి. వేల లీటర్ల రియాక్టర్, అందులో మండే ద్రావకం, వేడి పుట్టించే చర్య. ఒక్క వాల్వు త్వరగా తిప్పితే ఉష్ణోగ్రత చేయి దాటిపోయే పని అది. ఆ వాల్వు మీద చేయి వేసినవాడికి ప్రభుత్వం పరీక్ష పెట్టి ఇచ్చిన పట్టా ఉండాలన్న నియమం లేదు. కంపెనీ తన ఇష్టం మేరకు నేర్పిందే చదువు. మంచి కంపెనీ అయితే నెలల తరబడి నేర్పుతుంది. కాకపోతే పక్కవాడిని చూసి నేర్చుకోమంటుంది. అతని పక్కన బస్తాలు ఎత్తే హెల్పర్ కాంట్రాక్టు మనిషి. అతనికి గేటు దగ్గర అరగంట వీడియో చూపించి, రిజిస్టర్‌లో వేలిముద్ర వేయించి, హెల్మెట్ ఇచ్చి పంపిస్తారు.

మరి సేఫ్టీ ఆఫీసర్లు లేరా? ఉన్నారు. 1948 ఫ్యాక్టరీల చట్టంలో 1976 సవరణతో 40బి సెక్షన్ చేరింది. 1,000 మంది లేదా అంతకంటే ఎక్కువ కార్మికులున్న ఫ్యాక్టరీ సేఫ్టీ ఆఫీసర్‌ను పెట్టుకోవాలని చెప్పింది. ఈ చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్ ఆ సంఖ్యను 500కు, ప్రమాదకర ప్రక్రియలున్న చోట 250కి తగ్గించింది, నిర్మాణ పనుల్లో 250గా, గనుల్లో 100గా పెట్టింది. ఇది మంచి మార్పు, నేను స్వాగతిస్తాను. ఆఫీసర్ చదువు కోసం ముంబయి సయాన్‌లోని సెంట్రల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్, చెన్నై, కోల్‌కతా, కాన్పూర్, ఫరీదాబాద్‌లలోని రీజనల్ ఇన్‌స్టిట్యూట్‌లు ఇండస్ట్రియల్ సేఫ్టీలో డిప్లొమా ఇస్తున్నాయి. మన పిల్లలు ఎక్కువగా చెన్నై వెళ్తారు. ఏడాది చదువు. అక్కడ చదివినవాళ్లతో కలిసి పనిచేశాను, గట్టి చదువు అది.

40బి కింద చేసిన నియమాల్లో రెండు మాటలు నాకు చాలా ఇష్టం. ఒకటి, భద్రతకు సంబంధం లేని, భద్రతకు అడ్డొచ్చే పని ఏదీ సేఫ్టీ ఆఫీసర్‌కు అప్పగించకూడదు. రెండు, ఆ ప్రాంతంలో ఎక్కువమంది కార్మికులు మాట్లాడే భాష అతనికి బాగా వచ్చి ఉండాలి. ఈ రెండూ రాసినవాళ్లకు ఫ్యాక్టరీ లోపల ఏం జరుగుతుందో తెలుసు. ఇవాళ చాలా చోట్ల సేఫ్టీ ఆఫీసరే క్యాంటీన్ చూస్తాడు, బస్సులు చూస్తాడు, ఆడిట్ వచ్చే వారమంతా ఫైళ్లు సర్దుతాడు. భాష మాట నిజానికి ఈ నేల మీద తలకిందులైంది. రియాక్టర్ల దగ్గర, డ్రయ్యర్ల దగ్గర బస్తా మోసేవాళ్లు ఒడిశా నుంచి, బీహార్ నుంచి, జార్ఖండ్ నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చారు. 2025 జూన్ 30న పాశమైలారం ఫ్యాక్టరీ పేలుడులో 50 మందికి పైగా ప్రాణాలు పోయినప్పుడు ఆసుపత్రి ముందు ఏ భాషల్లో ఏడుపులు వినబడ్డాయో చూసినవాళ్లకు ఇంకేమీ చెప్పనక్కర్లేదు. చెక్కగుజ్జు నుంచి తీసే సెల్యులోజ్ పొడి ఆరబెట్టే చోటు అది. మండే స్వభావమున్న ఏ సన్నని పొడైనా గాలిలో లేస్తే పేలగలదు. పిండిమర మొదలు మందుల ఫ్యాక్టరీ దాకా అంతటికీ వర్తించే ఈ సంగతి ఊడ్చేవాడికి అతని భాషలో ఎవరు చెప్పాలి? నియమాలు తెలుగువాళ్లకు తెలుగులో చెప్పమంటే మనం చెబుతున్నాం. ఒడియా కుర్రాడికి ఒడియాలో చెప్పేవాడు ఎక్కడున్నాడు?

విశాఖ సంగతి మీకు గుర్తుంది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్‌ఆర్ వెంకటాపురం మీదికి పక్క ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి కమ్ముకుంది. 12 మంది పోయారు. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ నివేదికను నేను నా విద్యార్థులందరి చేతా చదివిస్తాను. ట్యాంకులో ఉష్ణోగ్రత అడుగున మాత్రమే కొలిచేవారు. పైపొరల్లో వేడి ఎంత పెరిగిందో ఎవరికీ తెలియదు. చల్లబరిచే యంత్రాన్ని సాయంత్రం ఐదు తర్వాత ఆపేసేవారు. ఇవి యంత్రాల లోపాలు, రూపకల్పన లోపాలు. వాటికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇంకొకటి. సైరన్ మోగించడానికి ప్రాంగణంలో 36 చోట్ల మీటలున్నాయి. ఆ రాత్రి ఒక్కటీ మోగలేదు. నిద్రలో ఉన్న ఊరికి ఆ చప్పుడే లేపే పిలుపు. మీట నొక్కడానికి బలం అక్కర్లేదు, ఇంజినీరింగ్ డిగ్రీ అక్కర్లేదు. నొక్కే హక్కు తనకుందన్న నమ్మకం, నొక్కితే ఉద్యోగం పోదన్న ధీమా కావాలి. దాన్ని వీడియో నేర్పలేదు. పట్టా ఇచ్చి, అధికారం ఇచ్చి, నెలనెలా నొక్కించి చూస్తే తప్ప రాదు.

భోపాల్ విషవాయువు దుర్ఘటనకూ ఇదే వర్తిస్తుంది. 1984 డిసెంబరు నాటికి ఖర్చు తగ్గింపు పేరుతో మిథైల్ ఐసోసైనేట్ (ఎంఐసీ) యూనిట్‌లో షిఫ్టు మనుషుల్ని సగానికి తగ్గించారు. ఆపరేటర్ల శిక్షణ కాలాన్ని కుదించారు. పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి. ఆ ఘోరం తర్వాత 1987లో మన చట్టంలో ఒక కొత్త అధ్యాయమే చేరింది. ప్రమాదకర పదార్థాలను పర్యవేక్షించేవాళ్లకు తగిన అర్హతా అనుభవమూ ఉండాలని 41సి అంది. ముంచుకొచ్చే ముప్పు గురించి హెచ్చరించే హక్కు కార్మికుడికి ఉందని 41హెచ్ అంది. ఫ్యాక్టరీలోనో బయటి సంస్థలోనో శిక్షణ పొందే హక్కు ఉందని 111ఎ అంది. ముప్ఫై ఎనిమిదేళ్లు అమల్లో ఉన్న ఆ 111ఎను పట్టుకుని యాజమాన్యాన్ని అడిగిన యూనియన్ నా వృత్తి జీవితంలో నాకు తారసపడలేదు. బోనస్ మీద, క్యాంటీన్ రేట్ల మీద చూపిన పట్టుదల దీని మీద చూపలేదని నేను బాధతోనే చెబుతున్నాను.

అయితే 41హెచ్‌లో ఉన్నది హెచ్చరించే హక్కే, ఆపే హక్కు కాదు. కొత్త కోడ్‌లోనూ కార్మికుడు యజమానికి చెప్పాలి, ఇన్‌స్పెక్టర్‌కు తెలపాలి. సర్దార్‌కూ రియాక్టర్ ఆపరేటర్‌కూ మధ్య దూరమంతా ఇక్కడే ఉంది. ఒకడు మనుషుల్ని బయటికి నడిపించగలడు. రెండోవాడు విన్నవించుకోగలడు.

ఈ తేడా ఎక్కడ ప్రాణం తీస్తుందో దగ్గరగా చూద్దాం. వెసెల్ ఎంట్రీ అంటే ట్యాంకులోకో రియాక్టర్‌లోకో మనిషి దిగి కడగడం. పాత చట్టంలోని 36వ సెక్షన్ దీని గురించి ఎంత జాగ్రత్తగా రాసిందో చదివితే ఆశ్చర్యమేస్తుంది. లోపలి గాలిని పరీక్షించి అర్హుడైన వ్యక్తి రాతపూర్వకంగా సర్టిఫికెట్ ఇవ్వాలి. లేదంటే దిగేవాడికి శ్వాస పరికరం ఉండాలి, నడుముకు బెల్టు ఉండాలి, ఆ బెల్టు తాడు రెండో కొస బయట నిలబడ్డ మనిషి చేతిలో ఉండాలి. తాడు కొస గురించి కూడా రాశారు! ఇక జరిగేది వినండి. ఉదయం తొమ్మిదింటికి గ్యాస్ మీటర్‌ను మ్యాన్‌హోల్ దగ్గర పట్టుకుని చూస్తారు. ఆక్సిజన్ 20.9 చూపిస్తుంది, పర్మిట్ మీద సంతకాలు పడతాయి. మనిషి దిగేది భోజనాల తర్వాత. ఈలోగా నైట్రోజన్ లైన్ వాల్వు ఒకటి లీకవుతూ ఉంటుంది. నైట్రోజన్‌కు వాసన లేదు, రంగు లేదు. ఆక్సిజన్ 19.5 శాతం కంటే తగ్గితే దిగకూడదు. బాగా పడిపోయిన చోట ఒకటి రెండు శ్వాసలకే మనిషి ఒరిగిపోతాడు. పైన నిలబడ్డ హెల్పర్ అన్నా అని అరిచి, తాడు లేక, తనే దూకుతాడు. అతని వెనక ఇంకొకడు. మన ప్రాంతంలో ట్యాంకుల్లో, సెప్టిక్ గుంతల్లో ఒకే చోట ఇద్దరు ముగ్గురు పోయారని చదివే వార్తల్లో చాలావాటి వెనక జరిగేది ఇదే. రెండోవాడూ మూడోవాడూ చనిపోయింది ప్రేమతో.

గనిలో దీపాన్ని పైకప్పుకు ఎత్తినట్టు, ఫ్యాక్టరీలో మీటర్ గొట్టాన్ని అడుగు దాకా దింపాలి. ద్రావకాల ఆవిరి గాలికంటే బరువు, కిందికి దిగి కూర్చుంటుంది. పైన, మధ్యన, అడుగున మూడు చోట్ల చూడాలి. మనిషి దిగే ముందు మళ్లీ చూడాలి, లోపల ఉన్నంతసేపూ చూస్తూ ఉండాలి. హైడ్రోజన్ సల్ఫైడ్ అయితే తక్కువలో ఉన్నప్పుడు కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది, ఎక్కువైతే ముక్కునే చంపేస్తుంది. వాసన పోయింది కాబట్టి గ్యాస్ పోయిందనుకుంటారు. ఇవన్నీ పదో తరగతి చదవని మనిషికి కూడా రెండు రోజుల్లో, అతని భాషలో, చేతిలో మీటర్ పెట్టి నేర్పవచ్చు. నేర్పి, నోటితో అడిగి, చేయించి చూసి పట్టా ఇవ్వవచ్చు. ఇప్పుడు సంతకం చేసేవాడికి శిక్షణ ఉంది, దిగేవాడికి లేదు.

గల్ఫ్‌కు వెళ్లే మన పిల్లల గురించి ఒక మాట. హైదరాబాద్‌లో, విశాఖలో నెబోష్ కోచింగ్‌లు బాగా నడుస్తున్నాయి. 1979లో బ్రిటన్‌లో పుట్టిన పరీక్షా సంస్థ అది. దాని అంతర్జాతీయ సర్టిఫికెట్ ఉంటే దుబాయ్‌లో, సౌదీలో సేఫ్టీ ఉద్యోగానికి దారి దొరుకుతుంది. ప్రమాదాన్ని ముందుగా అంచనా కట్టే పద్ధతి ఆ పాఠ్యంలో చక్కగా ఉంది, నేనూ అందులోంచి తీసుకుని చెబుతాను. అయితే పరంజా ఎక్కని కుర్రాడు కొన్ని వారాల కోచింగ్‌తో వెళ్లి పరంజా కట్టేవాళ్ల మీద పర్యవేక్షకుడిగా నిలబడుతున్నాడు. బ్రిటన్‌లో ఆ సర్టిఫికెట్ వెనక ఇంకొక బలం ఉంది. 1974 చట్టం తర్వాత 1977లో చేసిన నియమాల ప్రకారం యూనియన్ తన సేఫ్టీ ప్రతినిధుల్ని నియమించుకోవచ్చు, వాళ్ల శిక్షణకు జీతంతో కూడిన సమయం ఇవ్వాల్సిందే. మనం సర్టిఫికెట్ తెచ్చుకున్నాం, ప్రతినిధిని అక్కడే వదిలేశాం. మన గనుల్లో ఆ ప్రతినిధి ఉన్నాడు, వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్ పేరుతో. 500 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉన్న గనిలో యూనియన్‌తో సంప్రదించి అర్హత ఉన్న ముగ్గుర్ని నియమించాలని 1955 గనుల నియమాల్లో చేర్చారు. అది ఫ్యాక్టరీల్లో ఎందుకు ఉండకూడదు?

వైద్యుల మాట కూడా క్లుప్తంగా చెబుతాను. ఊపిరితిత్తుల్లో దుమ్ము చేరడం, చెవి పోవడం, చర్మం పాడవడం సేఫ్టీ ఆఫీసర్‌కు కనబడవు. వాటికి ఇండస్ట్రియల్ హెల్త్‌లో మూడు నెలల సర్టిఫికెట్ చేసిన డాక్టర్ కావాలి. నీ పని ఏమిటి అని మొదట అడిగే డాక్టర్ కావాలి. సిలికోసిస్‌ను క్షయ అనుకుని మందులు మింగించిన చోట్లు దేశంలో ఎన్నో ఉన్నాయి.

నా మాటకు ఎదురుగా రెండు అభ్యంతరాలు వస్తాయి. పట్టాలు అమ్ముకుంటారని మొదటిది. లైసెన్సు ఆఫీసుల అనుభవం ఉన్నవాళ్లు అనే మాట ఇది, కొట్టిపారేయలేను. అందుకే రాతపరీక్ష కంటే చేసి చూపించే పరీక్ష కావాలంటాను. రియాక్టర్ ముందు నిలబెట్టి, కరెంటు పోయింది, స్టిర్రర్ ఆగింది, ఇప్పుడేం చేస్తావని అడిగితే డబ్బిచ్చి కొన్న పట్టా అక్కడే బయటపడుతుంది. రెండోది, పట్టాలున్న గనుల్లో మనుషులు పోలేదా అన్నది. పోయారు. 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు విరుచుకుపడి 17 మంది పోయిన రోజు ఈ హాల్లో చాలామంది గుండెల్లో ఇంకా ఉంది. సర్దార్ దీపం నీటిని ఆపలేదు. పాత పనుల పటాలు, సర్వే, పైస్థాయి నిర్ణయాలు సరిగా లేని చోట కిందివాడి అర్హత ఒక్కటే సరిపోదు. పైవాడి బాధ్యతను కిందివాడి పట్టా మీదికి నెట్టే ప్రయత్నం జరిగితే నేనే ముందు అడ్డుపడతాను. నేను అడిగేది, పైన ఉన్న బాధ్యతలన్నీ అలాగే ఉంచి, కింద ఖాళీగా ఉన్న మెట్టు కట్టమని.

కొత్త కోడ్ కింద రాష్ట్రాలు తమ నియమాలు చూసుకుంటున్న కాలమిది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ మందుల పరిశ్రమ మీద గర్వపడే రాష్ట్రాలు. ప్రమాదకర ప్రక్రియల్లో రియాక్టర్, డ్రయ్యర్ నడిపేవాడికి, ట్యాంకులోకి దిగేవాడికి, తాడు పట్టుకుని బయట నిలబడేవాడికి ప్రభుత్వ పట్టా తప్పనిసరి చేయాలి. పరీక్ష తెలుగులో, హిందీలో, ఒడియాలో నోటితో జరగాలి. శిక్షణ రోజులకు పూర్తి కూలి ఇవ్వాలి, ఫీజు యజమాని కట్టాలి. కాంట్రాక్టర్ మారినా ఆ పట్టా కార్మికుడి వెంటే ఉండాలి. పట్టా ఉన్నవాడు ఆపమంటే పని ఆగాలి, ఆపినందుకు అతని మీద చర్య తీసుకోకూడదన్న వాక్యం ఆ పట్టా వెనకే అచ్చు వేయాలి.

నేర్పేవాళ్లు ఎక్కడి నుంచి వస్తారని అడుగుతారు. ఈ హాల్లోనే ఉన్నారు. రామగుండం రెస్క్యూ స్టేషన్‌లో శ్వాస పరికరం వీపున కట్టుకుని, పొగలో, వేడిలో సాధన చేసినవాళ్లు మీలో ఉన్నారు. ఊపిరాడని చోటికి ఎలా దిగాలో, పడిపోయినవాణ్ణి ఎలా పైకి తేవాలో, ఎప్పుడు దిగకూడదో వీళ్లకు తెలిసినంత మా ఫ్యాక్టరీల్లో ఎవరికీ తెలియదు. రిటైరైన సర్దార్లు, ఓవర్‌మన్‌లు, రెస్క్యూ మనుషులు ఇరవై మంది ముందుకొస్తే పటాన్‌చెరు, పాశమైలారం వైపు కాంట్రాక్టు కార్మికులకు రెండు రోజుల ట్యాంకు ఎంట్రీ శిక్షణ మొదలుపెట్టవచ్చు. పాఠ్యం నేను రాసి తెచ్చాను. హిందీలో, ఒడియాలో చెప్పగలిగినవాళ్లు కూడా మన బాయిల్లో తక్కువేం లేరు. సభ అయ్యాక వాకిలి దగ్గర బల్ల మీద కాగితాలు పెట్టాం, పేర్లు ఇచ్చి వెళ్లండి.